16 కోట్ల ఇంజెక్షన్‌కి సంతలో చందాలా? ప్రభుత్వం ఎందుకివ్వదు?

రాజోలు_కుర్రాడు
మా పెదనాన్నగారి మనవరాలికి ఎస్‌ఎంఏ అని తేలింది. కండరాల్ని ఆడించే నరాలు వెన్నుపాములోనే చచ్చిపోయే జబ్బు, పుట్టుకతో వస్తుంది. పాపకి ఏడాదిన్నర, 9 కిలోలుంది. కూర్చోబెడితే కూర్చుంటుంది, నిలబడలేదు. ఇప్పుడు ఊరంతా ఒకటే మాట, 16 కోట్ల ఇంజెక్షన్. కువైట్ గ్రూపు, కాలేజీ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, ఎక్కడ చూసినా పాప ఫొటో, కింద క్యూఆర్ కోడ్. మొన్న సంతలో మా కుర్రాళ్లతో కలిసి నేనూ డబ్బా పట్టుకుని తిరిగాను. కొబ్బరి దింపు తీసే ఆయన ఆరోజు కూలిలోంచి వంద తీసి వేశాడు. ఆ నోటు తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇప్పటికి 11 లక్షలు వచ్చాయి. ఇలా వందా రెండొందలు పోగేస్తే 16 కోట్లు ఎప్పటికవుతాయి? గుండె ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది, డయాలసిస్‌కి ఉంది. దీనికెందుకు లేదు? ఏదైనా పథకం ఉంటే ఎక్కడికెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి. లేకపోతే ఎందుకు లేదో అయినా చెప్పండి.

పాలకొల్లు_పంచ్
సంతలో ఎందుకు తమ్ముడూ, సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర డబ్బా పట్టుకో. మూడు రోజుల్లో 16 కోట్లు తేలిపోతాయి.

గోదారి_గట్టు
పిల్ల ప్రాణం మీద జోకులేంటండీ.

పాలకొల్లు_పంచ్
జోకు కాదండీ బాబూ. పందెం గెలిచినోడు ఆ క్షణంలో ఎవరడిగినా ఇస్తాడు. ఓడినోడి జోలికి మాత్రం వెళ్లకండి.

కోనసీమ_కొబ్బరి
పథకం సంగతి పక్కన పెట్టండి. ముఖ్యమంత్రి ఇటు ఎప్పుడొస్తారో కనుక్కుని ప్లకార్డు పట్టుకుని నిలబడటమే దారి. 2022 వరదలప్పుడు అప్పటి ముఖ్యమంత్రి లంకల పర్యటనకి వచ్చినప్పుడు అలా కంటపడిన మన జిల్లా పాపకే గౌచర్ జబ్బుకి (ఒంట్లో ఒక ఎంజైమ్ లేక కాలేయం, ప్లీహం ఉబ్బిపోయేది) కోటి రూపాయలు మంజూరయ్యాయి. రెండు వారాలకోసారి ఎక్కించే ఎంజైమ్ ఇంజెక్షన్లకి. మంచి పనే. కాదనను. కానీ వరద రాకపోయి ఉంటే? అదే జబ్బున్న ఇంకో పిల్ల ఆ దారిలో కాకుండా పక్క లంకలో ఉండి ఉంటే?

చెరువు_గట్టు
నలుగురికీ నచ్చని మాట చెప్తాను, తిట్టుకోండి. ఒక్క బిడ్డకి 16 కోట్లు ప్రభుత్వం ఇవ్వకూడదు. మా లంకలో వరదొస్తే పాములు ఇళ్లలోకి వస్తాయి. పాము కరిస్తే పడవ మీద గట్టుకి చేర్చి, అక్కడి నుంచి ఆటోలో తీసుకెళ్తే, మందు లేదు పెద్దాసుపత్రికి పొమ్మన్న రోజులున్నాయి. మా బాబాయి అలా దారిలోనే పోయాడు. 16 కోట్లతో ఎన్ని పీహెచ్‌సీల్లో పాముమందు నిల్వ పెట్టొచ్చు, ఎన్ని పడవ అంబులెన్సులు తిప్పొచ్చు? ఆ పాప మీద నాకేం కోపం లేదు. కానీ మా బాబాయి ఫొటో ఎవడూ క్యూఆర్ కోడ్ పెట్టి తిప్పలేదు.

రాజోలు_కుర్రాడు
మీ బాబాయికి మందు దొరక్కపోవడానికి మా పాప కారణమా?

చెరువు_గట్టు
నేనలా అన్లేదు తమ్ముడూ. ఖజానా ఒక్కటే అంటున్నాను.

రావులపాలెం_నాన్న
ఖజానా ఒక్కటే అని మాకూ చాలామంది చెప్పారండి. మా పెద్దాడికి థలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుము దిగడానికి రోజూ మాత్ర వేయాలి. పింఛను నెలకి 10 వేలు వస్తోంది, రక్తం ఉచితం. అవి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కలెక్టరేట్ల చుట్టూ తిరిగితే వచ్చాయి. మూలుగ మార్పిడికైతే కోల్ ఇండియా వాళ్ల థలసీమియా బాల సేవా యోజన 2017 నుంచి ఉంది, 10 లక్షల దాకా ఇస్తారు. మావాడికి మ్యాచ్ దొరకలేదు, అది వేరే కథ. లైన్లో ముందు ఎవరు నిలబడాలని పిల్లల్నీ పాము కరిచినవాళ్లనీ కొట్టించకండి.

పాలకొల్లు_పంచ్
బొగ్గు కంపెనీ ఇస్తుంటే మన కాళ్ల కింద నుంచి గ్యాసు తోడుకుపోయేవాళ్లు ఇవ్వకూడదా? పాశర్లపూడి గ్యాసు బావి మంటలు చూశాం, నగరం ఊళ్లో గ్యాసు పైపు పేలుడు చూశాం. మందులకి మాత్రం సంతలో డబ్బాలు.

ఫార్మా_మావయ్య
పంచ్ అన్నదాంట్లో పాయింటుంది. అరుదైన జబ్బుల జాతీయ విధానంలోనే ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు విరాళాలివ్వడానికి ఒక పోర్టల్ పెట్టారు. అయితే ముందు అసలు ప్రశ్నకొద్దాం. నేను హైదరాబాద్‌లో మందుల కంపెనీలో చేస్తాను, సొంతూరు తణుకు దగ్గర.

రాజోలు తమ్ముడూ, 16 కోట్ల ఇంజెక్షన్ ఒక్కటే మందు అని ఊళ్లో అందరూ అనుకుంటున్నట్టుంది. అది కాదు. ఎస్‌ఎంఏకి మూడు మందులున్నాయి. ఒకటి వెన్నులోకి ఎక్కించే నుసినెర్సెన్, 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండోది మీరు చెప్పే 16 కోట్ల జీన్ థెరపీ (పాడైన జన్యువు బదులు మంచి జన్యువు ఎక్కించేది) జోల్జెన్‌స్మా, 2019లో వచ్చింది, ఒక్కసారి ఇస్తే చాలు, అమెరికాలో రెండేళ్లలోపు పిల్లలకే అనుమతించారు. మూడోది రిస్డిప్లామ్, 2020లో వచ్చింది. నోటితో తాగే మందు, రోజూ తాగాలి. దీని సీసా మొన్నటిదాకా 6 లక్షల పైమాటే. రోష్ కంపెనీది. హైదరాబాద్ నాట్కో అదే మందు చేస్తానంటే పేటెంట్ ఉందని రోష్ కోర్టుకెళ్లింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు, అక్టోబర్‌లో అక్కడి డివిజన్ బెంచీ అదే మాటంది, ఆ తర్వాత సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా 15,900కి విడుదల చేసింది.

6 లక్షల పైన ఉన్నది 15,900. మళ్లీ చదువుకోండి.

అంకెల_మాస్టారు
చదివాను. లెక్క కూడా కట్టాను. సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండు నెలలు దాటి రెండేళ్లలోపు పిల్లలకి కిలోకి 0.2 మిల్లీగ్రాములు. పాప 9 కిలోలంటే రోజుకి 1.8. సీసా 33 రోజులొస్తుంది. ఏడాదికి 11 సీసాలు, అంటే 1 లక్షా 75 వేలు. బరువు పెరిగేకొద్దీ మందు పెరుగుతుంది. 20 కిలోలు దాటాక రోజుకి 5 మిల్లీగ్రాములు, ఇక అక్కడే ఆగుతుంది. అప్పుడు సీసా 12 రోజులు, ఏడాదికి 30 సీసాల పైన, 4 లక్షల 80 వేల చిల్లర. పాత ధరకైతే ఇదే కోటీ 85 లక్షలు దాటేది.

మీ డబ్బాలో ఉన్న 11 లక్షలు పాపకి మూడు నాలుగేళ్ల మందు తమ్ముడూ.

రాజోలు_కుర్రాడు
మాస్టారూ ఇది నిజమేనా? మాకెవరూ చెప్పలేదే. చూపించిన ఆసుపత్రిలో 16 కోట్ల ఇంజెక్షన్ కాగితం రాసిచ్చి, విరాళాల వెబ్‌సైటు వాళ్ల నంబరు చేతిలో పెట్టారు, అంతే.

గోదారి_గట్టు
ఆ వెబ్‌సైటు వాళ్లు ఎంత పట్టుకుంటారో అడిగారా?

కాకినాడ_సిస్టర్
లెక్క కరెక్టే గానీ కొంచెం ఆగండి. ఏ మందు సరిపోతుందో పిల్లల న్యూరాలజీ డాక్టరు చెప్పాలి, మనం ఇక్కడ తేల్చేది కాదు. రిస్డిప్లామ్ జబ్బుని నయం చెయ్యదు. ముదరకుండా పట్టుకుంటుంది, కొందరిలో కొంత బలం తెస్తుంది. జోల్జెన్‌స్మా కూడా అప్పటికే చచ్చిన నరాల్ని లేపదు. రెండింటికీ ఒకటే సూత్రం, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మిగులుతుంది. చందాలు పోగయ్యేదాకా మందు ఆపి కూర్చోవడమే అన్నిటికన్నా నష్టం. ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

తణుకు_అమ్మ
మా బాబుకి ఇదే జబ్బు, రెండో రకం. రిస్డిప్లామ్ వాడుతున్నాం. నాకు తెలిసింది చెప్తాను.

మందు పొడిగా వస్తుంది, ఫార్మసిస్టు నీళ్లు కలిపి ఇస్తాడు. కలిపాక 64 రోజుల్లో వాడెయ్యాలి, ఫ్రిజ్‌లో నిలబెట్టే ఉంచాలి. రోజూ ఒకే టైముకి, వాళ్లిచ్చిన సిరంజితో నోట్లో పొయ్యాలి. పాలల్లో కలపకూడదు. తుపానుకి కరెంటు పోతే నా టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. మా తమ్ముడు రొయ్యల ఎగుమతి దగ్గర పనిచేస్తాడు, థర్మాకోల్ పెట్టె తెచ్చిపెట్టాడు. ఐసు నిండా వేసి సీసా దానికి ఆనకుండా మధ్యలో గుడ్డ చుట్టి పెడతాను, గడ్డ కడితే పాడైపోతుందని.

హైదరాబాద్ నిమ్స్‌లో పేరు నమోదు చేయించుకుంటే కేంద్రం 50 లక్షల దాకా ఇస్తుంది. మాకూ వచ్చింది. కానీ పాత ధరలో, మావాడి బరువుకి, ఎనిమిది సీసాలు. నాలుగు నెలలు కూడా రాలేదు. తర్వాత ఏంటని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఫైలు కదలడానికి పట్టిన టైము మందు వాడిన టైము కంటే ఎక్కువ. ఇప్పుడు కొంటున్నాం. మావాడు నడవడు. కానీ మెడ నిలుపుతాడు, చెంచా పట్టుకుని పెరుగన్నం తనే తింటాడు, సగం చొక్కా మీదే అనుకోండి. గవర్నమెంటు ఇచ్చిన డబ్బు దండగ అని ఎవరైనా అంటే ఒకసారి మా ఇంటికి భోజనం టైముకి రండి.

చెరువు_గట్టు
అమ్మా, మీ బాబుకి దండగ అనడానికి నాకు నోరు రాదు. నేనన్నది 16 కోట్ల గురించి. 15,900 అయితే నాకు అభ్యంతరమేముంది?

ఫార్మా_మావయ్య
చూశారా! గొడవంతా ధర దగ్గరే ఉంది. ఇవ్వాలా వద్దా అని మనం కొట్టుకుంటుంటే, ఎంతకి కొనాలి అన్నది ఎవరూ అడగట్లేదు. ఇంకో లెక్క చూడండి. కాలేయాన్ని తినేసే టైరోసినీమియా అనే జబ్బుకి నిటిసినోన్ మందు ఏడాదికి 2 కోట్ల పైన ఉండేది. మన దేశంలోనే తయారయ్యాక, 2023 నవంబర్‌లో అది రెండున్నర లక్షలకి దిగింది. గౌచర్‌కి మాత్రగా వేసుకునే ఎలిగ్లుస్టాట్ ఏడాదికి కోట్లలో ఉండేది, 3 నుంచి 6 లక్షలకి దిగింది. చేసినవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ కంపెనీలే. సుంకం కూడా తగ్గింది. ఈ విధానం జాబితాలోని జబ్బులకి సొంతంగా తెప్పించుకునే మందుల మీద దిగుమతి సుంకం 2023 ఏప్రిల్ నుంచి లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 33 ఖరీదైన మందుల మీద జీఎస్టీ తీసేశారు, అందులో జోల్జెన్‌స్మా, రిస్డిప్లామ్ ఉన్నాయి.

నరసాపురం_టు_లండన్
ఇక్కడ బ్రిటన్‌లో జోల్జెన్‌స్మా 2021 నుంచి ప్రభుత్వమే ఇస్తోంది. లిస్టు ధర 17.9 లక్షల పౌండ్లు. కానీ ఆ ధరకి ఎవరూ కొనలేదు, కూర్చోబెట్టి బేరమాడి తగ్గించారు, ఎంతకన్నది రహస్యం. నైస్ అని ఒక సంస్థ ఉంది, ఏ మందుకి ఎంత పెట్టొచ్చో అది తేలుస్తుంది. అరుదైన జబ్బులకి మామూలు కన్నా చాలా ఎక్కువ పరిమితి పెట్టింది, అయినా పరిమితంటూ ఉంది. కాదన్న మందులూ ఉన్నాయి, అప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కుతారు. కానీ ఇచ్చిన మందు మాత్రం లివర్‌పూల్ పిల్లకీ లండన్ పిల్లకీ ఒకటే. మంత్రి కంటపడ్డ పిల్లకని కాదు.

పాలకొల్లు_పంచ్
ఇన్నాళ్లకి మన బావ ఒక పనికొచ్చే పోస్టు పెట్టాడు. లేకపోతే ఎప్పుడూ అక్కడి చలి ఫొటోలే.

మామిడికుదురు_మాట
అందరూ మందు గురించే మాట్లాడుతున్నారు, మూలం ఎవరూ ముట్టుకోరు. మేనరికాలు మానితే సగం జబ్బులు ఉండవు. చేసుకునేది మేనమామని, తర్వాత ప్రభుత్వం ఇవ్వాలా?

రాజోలు_కుర్రాడు
మా అన్నయ్యా వదినా చుట్టాలు కారు. వదినది విజయనగరం. ఇంకేమైనా చెప్తారా?

మోడరేటర్
మాట గారూ, ఒక కుటుంబాన్ని వేలెత్తి చూపకుండా మాట్లాడండి. మళ్లీ అయితే పోస్టు తీసేస్తాం.

కాకినాడ_సిస్టర్
మేనరికంలో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ ఎస్‌ఎంఏ లోపం మోసేవాళ్లు ప్రతి 40, 60 మందిలో ఒకరుంటారు. ఏ సంబంధమూ లేని ఇద్దరు మోసేవాళ్లు కలిస్తే చాలు, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదని మనవాళ్లు అనుకుంటారు. ఆ లెక్క అలా పనిచెయ్యదు, ప్రతిసారీ అదే నాలుగో వంతు. రాజోలు తమ్ముడూ, మీ వదినకి ఇది తప్పకుండా చెప్పు. మళ్లీ కడుపొస్తే 11 వారాల నుంచే పరీక్ష చేయొచ్చు. అన్నయ్య తోబుట్టువులు కూడా పెళ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది, జన్యు పరీక్షలకి ప్రభుత్వ సంస్థే.

అమలాపురం_వకీలు
చట్టం సంగతి నేను చెప్తాను. అరుదైన జబ్బుల 2021 జాతీయ విధానంలో మొదట కొన్ని జబ్బులకే, అదీ 20 లక్షలే. 2022 మేలో జాబితాలోని అన్ని రకాల జబ్బులకీ 50 లక్షలు చేశారు. జీవితాంతం వాడే మందుకి ఒక్కసారి 50 లక్షలు ఏ లెక్కన అని తల్లిదండ్రులు కోర్టులకెక్కారు. 2024 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు అరుదైన జబ్బులకి జాతీయ నిధి పెట్టమని, రెండేళ్లకి 974 కోట్లు ఇవ్వమని చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకెళ్లింది. కేరళ హైకోర్టు ఒక రోగికి 50 లక్షల మీద ఇంకో 18 లక్షల మందు ఇవ్వమంటే దాన్ని సుప్రీంకోర్టు ఆపింది. కాబట్టి కోర్టు ఇప్పిస్తుందని ఆశపెట్టుకుని ఫీజులు కట్టకండి. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నాను చూడండి.

గోదారి_గట్టు
కేరళలో ప్రభుత్వమే పిల్లలకి ఎస్‌ఎంఏ మందు ఇస్తోంది కదా. వాళ్లకి కుదిరింది మనకెందుకు కుదరదు?

అంకెల_మాస్టారు
కుదురుతుందనే నా వాదన. ప్రపంచంలో దాదాపు 10 వేల కాన్పులకి ఒక ఎస్‌ఎంఏ. రాష్ట్రంలో ఏటా 7 లక్షల కాన్పులనుకుంటే 70 మంది పిల్లలు. పాప బరువే అందరికీ అనుకుంటే మొదటి ఏడాది మందు ఖర్చు మొత్తం కలిపి కోటీ 22 లక్షలు. ఏటా కొత్త పిల్లలు చేరతారు, పాతవాళ్లు పెరుగుతారు, పదేళ్లకి పాతిక ముప్పై కోట్లయినా అవ్వచ్చు. రాష్ట్ర బడ్జెట్‌లో అదో లెక్కా?

ఇంకోటి. ఒక్క పాపకి పెట్టే 16 కోట్లు బ్యాంకులో 7 శాతానికి వేస్తే ఏడాదికి కోటీ 12 లక్షల వడ్డీ. ఆ వడ్డీతో 20 కిలోలు దాటిన 23 మంది పిల్లలకి ఏటా మందు కొనొచ్చు, అసలు కదలకుండా.

చెరువు_గట్టు
ఈ లెక్క మొదటే చెప్తే నేనంత పెద్ద పోస్టు రాసేవాడిని కాదు. అయినా పాముమందు సంగతి అలాగే ఉంది, అది వదలను.

రావులపాలెం_నాన్న
వదలకండి. దానికో కొత్త చర్చ తెరవండి, సంతకం పెట్టడానికి మేమూ వస్తాం.

పాలకొల్లు_పంచ్
మాస్టారి లెక్క చూసి మా చిట్‌ఫండ్ ఆయన కుర్చీలోంచి లేచాడు.

ఫార్మా_మావయ్య
మాస్టారూ, లెక్క బాగుంది గానీ ఒక్క మందుతో మురిసిపోకండి. జాతీయ విధానం జాబితాలో 63 జబ్బులున్నాయి. రిస్డిప్లామ్‌లా మాత్రగానో సిరప్‌గానో చేసే మందుల్ని కాపీ కొట్టడం మనవాళ్లకి తేలిక. ఎంజైమ్ ఇంజెక్షన్లు, జీన్ థెరపీలు అలా కావు, వాటి ధర అంత తొందరగా దిగదు. గౌచర్ పాపకి కోటి అందుకే అయింది. వాటికి రాష్ట్రాలన్నీ కలిసి ఒకే టెండరు పిలిచి బేరమాడితే తప్ప దారిలేదు. 2001లో సిప్లా ఎయిడ్స్ మందుల్ని ఏడాదికి 10 వేల డాలర్ల పైనుంచి 350 డాలర్లకి దించింది. 2004 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ధర దిగింది, ఆ తర్వాత పథకం వచ్చింది. అదీ వరస.

తణుకు_అమ్మ
మావయ్యగారూ, ధర దిగేదాకా ఆగే పిల్లలు కారండీ వీళ్లు. ఎస్‌ఎంఏ మొదటి రకం అయితే, మందు లేకపోతే రెండేళ్లు కూడా కష్టం. మా వార్డులో మా పక్క మంచం పాప ఆగలేదు.

ఫార్మా_మావయ్య
నిజమే తల్లీ. అందుకే ఆ 50 లక్షలు ఇవ్వొద్దని నేననను. ఇచ్చే పద్ధతి మారాలంటాను. ఇంత డబ్బు అని కాకుండా, ఇన్నేళ్ల మందు అని ఇవ్వాలి.

రాజోలు_కుర్రాడు
నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం అన్నయ్యకి చదివి వినిపించాను. వదిన ఇంకా ఇంజెక్షనే కావాలంటోంది, ఒక్కసారితో అయిపోతుంది కదా, రోజూ మందు ఎవరు నిలబెడతారు అని. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ వచ్చే వారం నిమ్స్‌కి వెళ్దామని ఒప్పుకున్నారు. ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలి? జీన్ థెరపీ కంపెనీ వాళ్లు లాటరీ తీసి ఉచితంగా ఇస్తారని ఒకాయన చెప్పాడు, అది నిజమేనా?

కాకినాడ_సిస్టర్
లాటరీ నిజమే. నోవార్టిస్ 2020లో పెట్టింది, ఏడాదికి 100 డోసుల దాకా, ఆ మందుకి ఇంకా అనుమతి రాని దేశాలన్నిటికీ కలిపి. డాక్టరు ద్వారానే పేరు పంపాలి, ఇప్పుడు పరిస్థితి ఏంటో వాళ్లనే అడగండి. పేరు పెట్టినా దాన్ని నమ్ముకుని మందు ఆపొద్దు.

తణుకు_అమ్మ
కాగితాలు నేను చెప్తాను. జన్యు పరీక్ష రిపోర్టు ఒరిజినల్, దానికి నాలుగు జిరాక్సులు. పాప ఆధార్, మీ అన్నయ్యా వదినల ఆధార్, రేషన్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్, ఇప్పటిదాకా చూపించిన ఓపీ చీటీలన్నీ. పాప కూర్చోవడం, పాకడానికి ప్రయత్నించడం ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. రైల్లో వచ్చిన పిల్ల అలిసిపోయి డాక్టరు ముందు ఏమీ చెయ్యదు. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకోండి. 50 లక్షలకి అప్లికేషన్ అక్కడే పెట్టించండి, ఇప్పటి ధరకి అది చాలా ఏళ్లొస్తుంది.

యానాం_బాబాయ్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం ఉండేది డెల్టాలోనే గానీ కాగితం మీద పుదుచ్చేరి. ఇక్కడ పిల్లకి ఇలాంటిదొస్తే నిమ్స్‌కే వెళ్లాలా, చెన్నై వెళ్లాలా?

అమలాపురం_వకీలు
బాబాయ్, ఇది కేంద్రం పథకం కాబట్టి ఏ రాష్ట్రం అన్నది అడ్డు కాదు. నిమ్స్ లాంటి ఆసుపత్రుల్లో ఎక్కడైనా ఒక్కదాంట్లోనే నమోదవ్వాలి. దగ్గరుంటే హైదరాబాద్, తమిళం వస్తే చెన్నై.

యానాం_బాబాయ్
తమిళం రాదు, ఫ్రెంచి రాదు. హైదరాబాదే.